పిట్టలూ పాత కట్టడాలూ వేరు వేరు కాదు: ఇంగ్లండ్ పల్లెల్లో వేసవి ఫొటోల గురించి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కేంబ్రిడ్జ్‌లో ఉంటున్నారు. జూన్ మొదటివారంలో అమ్మానాన్నలు వస్తున్నారు, ఆగస్టు మధ్యదాకా ఉంటారు. చేతిలో క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సరున్న) కెమెరా, వెడల్పు దృశ్యాలకు 18-55, దూరపువాటికి 70-300 లెన్సులు ఉన్నాయి. ఒక వారాంతం పక్షులకు, ఇంకో వారాంతం చర్చిలకూ పాత మిల్లులకూ అని విడదీసి పది ఊళ్ళ జాబితా రాసుకున్నారు. అందులో ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి, పెద్ద లెన్సు కొనాలా అని అడిగారు.

నా సమాధానం ముందే చెప్పేస్తాను. పదిలో తొమ్మిది తీసెయ్యండి. నార్విచ్ దగ్గరి చెరువులూ చిత్తడులూ ఉన్న నార్ఫోక్ బ్రాడ్స్ ఒక్కటీ ఉంచి, అక్కడికే నాలుగైదుసార్లు వెళ్ళండి. లెన్సు కొనొద్దు. పక్షులకొక రోజు, కట్టడాలకొక రోజు అనే విభజన కూడా వదిలెయ్యండి. ఈ మూడో మాట కోసమే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

నేను నార్విచ్‌కి వచ్చి పద్నాలుగేళ్ళయింది. మొదటి రెండు వేసవులు మీలాగే జాబితా పట్టుకుని తిరిగాను. పొద్దున ఒక కోట, మధ్యాహ్నం ఒక పక్షుల చెరువు, సాయంత్రం ఒక పల్లె. వందల ఫొటోలు వచ్చాయి. వాటిలో ఏ ఒక్కటీ ఇక్కడే తీసిందని చెప్పేలా లేదు. పిట్ట ఫొటోలో పిట్ట తప్ప ఇంకేమీ లేదు. చర్చి ఫొటో పోస్టుకార్డు మీద ఉన్నట్టే ఉంది. అది మారింది మూడో ఏడు మా నాన్నగారు వచ్చినప్పుడు.

ఆయన దివిసీమ రైతు. ఒక సాయంత్రం థర్న్ ఊరి దగ్గర నది ఒడ్డున ఉన్న తెల్లటి గాలిమర చూపించడానికి తీసుకెళ్ళాను. 1820లో కట్టింది. నేను అందరిలాగే పిండి మర అనుకున్నాను. ఆయన కాసేపు దాని చుట్టూ తిరిగి, వెనకున్న పొలాలు చూసి, నది గట్టెక్కి నీటిమట్టం చూసి, "ఇది పిండి ఆడేది కాదురా, నీళ్ళు తోడేది. చేను నది కంటే పల్లంలో ఉంది చూడు" అన్నారు. నిజమే. ఇక్కడ పచ్చికబీళ్ళు నది మట్టం కంటే కిందున్నాయి. మురుగు కాలువల్లో చేరిన నీటిని నదిలోకి ఎత్తిపొయ్యాలి. మనవాళ్ళు ఏతం వేసి చేలోకి నీళ్ళు తోడుకుంటే, వీళ్ళు గాలి చేత చేలోంచి బయటికి తోడించారు. గాలిమర రెక్కలు తిరిగితే కింద తెడ్ల చక్రం తిరిగి నీళ్ళను పైకి ఎగజిమ్ముతుంది. తర్వాత ఆవిరి, డీజిల్, కరెంటు పంపులొచ్చి గాలిమరలు ఆగిపోయాయి.

ఆయన ఆ మాట చెబుతుండగానే కాలువ గట్టు వెంబడి ఒక తెల్ల గుడ్లగూబ వచ్చింది. ఇంగ్లీషులో బార్న్ అవుల్. మనిషి ఎత్తులో, చప్పుడు లేకుండా, గడ్డిలో వెతుక్కుంటూ మా ముందునుంచే పోయింది. మన వైపు గుడ్లగూబ ఎదురైతే అపశకునమంటారు, నాన్నగారు మాత్రం కన్ను ఆర్పకుండా చూశారు. "ఎలకల కోసం తిరుగుతోంది" అన్నారు. ఆ రాత్రి ఇంటికొచ్చాక నాకు లంకె అర్థమైంది. గాలిమర నీళ్ళు తోడింది కాబట్టి చిత్తడి నేల పచ్చికబీడైంది. బీటి గట్ల మీద కోయని గడ్డి పెరిగింది కాబట్టి అందులో వోల్ అనే పొట్టితోక ఎలకలు చేరాయి. ఎలకలు ఉన్నాయి కాబట్టి గుడ్లగూబ ఉంది. ఆ పిట్టనూ ఆ మరనూ వేరు వేరు రోజుల్లో ఫొటో తియ్యడంలో అర్థం లేదనిపించింది.

బ్రాడ్స్ మొత్తం ఇంతే. అరవై దాకా ఉన్న ఈ చెరువుల్ని శతాబ్దాలపాటు ప్రకృతి ఇచ్చిన సరస్సులే అనుకున్నారు. జాయిస్ లాంబర్ట్ అనే వృక్షశాస్త్రవేత్త 1950ల్లో అడుగు మట్టిని వరసగా తవ్వి పరీక్షిస్తే, ఒడ్లు గోడల్లా నిట్టనిలువుగా, అడుగు చదునుగా ఉన్నట్టు తేలింది. అంటే మనుషులు తవ్విన గోతులు. మధ్యయుగాల్లో పొయ్యిలోకి పీట్ మట్టిని పలకలుగా కోసి ఎండబెట్టి వాడేవాళ్ళు. పీట్ అంటే వేల ఏళ్ళుగా కుళ్ళీ కుళ్ళకుండా పేరుకున్న గడ్డీ గాదం. 14వ శతాబ్దంలో సముద్రమట్టం పెరిగి, ఆ గోతులు మునిగి చెరువులయ్యాయి. ఆ చెరువుల అంచున రెల్లు పెరిగింది. ఇళ్ళ కప్పులకు ఆ రెల్లును చలికాలంలో కోస్తారు. మీ అమ్మానాన్నలకు ఇక్కడి గడ్డికప్పు ఇళ్ళు చూడగానే మన పూరిళ్ళు గుర్తొస్తాయి, చూడండి. కప్పు కొప్పుకి వాడే సెడ్జ్ అనే గడ్డిని మాత్రం వేసవిలో, కొన్నేళ్ళకోసారి కోస్తారు. ఈ కోతలు ఆగిపోతే కొన్నేళ్ళలో పొదలు కమ్మి, చెట్లు లేచి, చిత్తడి కాస్తా అడవైపోతుంది. అప్పుడు మిల్క్ పార్స్‌లీ అనే మొక్క నీడకు చచ్చిపోతుంది. అది పోతే స్వాలోటెయిల్ సీతాకోకచిలుక కూడా పోతుంది.

మీరు ముందు వెళ్ళాల్సింది దానికోసమే, ఎందుకంటే దానికి గడువుంది. బ్రిటన్‌లో పుట్టి పెరిగే సీతాకోకల్లో ఇదే పెద్దది, రెక్కలు చాపితే ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్లు. పసుపు మీద నల్లటి గీతలు, వెనక రెక్కకు చిన్న తోక, ఎర్రటి చుక్క. ఇక్కడి ఉపజాతి నార్ఫోక్ బ్రాడ్స్‌లో తప్ప ఇంకెక్కడా బతకదు. దీని గొంగళిపురుగు మిల్క్ పార్స్‌లీ తప్ప దాదాపు వేరే ఆకు ముట్టదు. మన పెరట్లో నిమ్మచెట్టు మీదా కరివేపాకు మీదా పెరిగే సీతాకోకలూ ఈ కుటుంబానివే అని మీ అమ్మగారికి చెప్పండి, వెంటనే పోల్చుకుంటారు. ఎక్కువగా మే చివర నుంచి జులై మొదటివారం దాకా కనిపిస్తుంది. అందుకని వాళ్ళు వచ్చిన మొదటి రెండు వారాల్లో, ఎండ కాసి గాలి లేని ఒక రోజు చూసుకుని స్ట్రంప్‌షా ఫెన్‌కు వెళ్ళండి. ఇది ఆర్‌ఎస్‌పీబీ అనే పక్షుల సంరక్షణ సంస్థ చూసుకునే చిత్తడి, నార్విచ్ దాటాక వస్తుంది. శనివారమే కావాలని పట్టుబట్టకండి. గాలి ఎక్కువున్న శనివారం కంటే నిశ్చలంగా ఉన్న సోమవారం సెలవు పెట్టుకోవడం మేలు.

తొమ్మిదికల్లా అక్కడ ఉండాలి. పొద్దున ఒళ్ళు ఇంకా పూర్తిగా వేడెక్కక, పూల మీద నింపాదిగా తేనె తాగుతుంటుంది. పదకొండు దాటితే ఈదురుగాలిలా పోతుంది, వెంట పరిగెత్తి లాభం లేదు. తిస్టిల్ అనే ముళ్ళ పువ్వులు, పసుపు ఐరిస్ పూలు ఉన్నచోట నిలబడి అది వచ్చేదాకా ఆగండి. తేనె తాగేటప్పుడు కూడా రెక్కలు ఆడిస్తూనే ఉంటుంది కాబట్టి షట్టర్ వేగం సెకనులో 1/1250 వంతు కంటే తగ్గించొద్దు, ఎపర్చర్ (లెన్సు రంధ్రం) ఎఫ్/8. మీ 70-300ను 300 దగ్గర పెట్టి, మీటరున్నర దూరం నుంచి తీస్తే ఫ్రేము నిండుతుంది. కానీ అలా ఒకటి రెండు తీశాక 100కు తగ్గించి, వెనక రెల్లు, కోసిన చాళ్ళు కనిపించేలా తియ్యండి. రెండో ఫొటోలో కథ ఉంటుంది. దారి దిగి పక్కకి అడుగు మాత్రం వెయ్యకండి. మీ కాలి కింద పడేది ఆ మిల్క్ పార్స్‌లీనే కావచ్చు, దాని మీద గుడ్లుండొచ్చు. ఈ సీతాకోకకు చట్టరక్షణ కూడా ఉంది.

అదే చోట ఇంకో సంగతి. నార్ఫోక్ హాకర్ అనే తూనీగ, గోధుమరంగు ఒళ్ళు, ఆకుపచ్చ కళ్ళు, జూన్‌లోనే తిరుగుతుంది. తూనీగలు తెల్లవారుజామున మంచుతో తడిసి కదల్లేకుండా కూర్చుంటాయి, అప్పుడు ట్రైపాడ్ పెట్టుకుని తీరిగ్గా తియ్యొచ్చు. జూన్‌లో ఇక్కడ సూర్యోదయం నాలుగున్నరకే, కాబట్టి దానికి మీరొక్కరే వెళ్ళడం నయం.

వెలుతురు గురించి ఒక మాట, ఎందుకంటే మన అలవాటు ఇక్కడ పనికిరాదు. హైదరాబాద్‌లో వేసవి మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, సాయంత్రం నిలువునా దిగిపోతాడు. బంగారు వెలుతురు అరగంట. నార్ఫోక్ 52 డిగ్రీల అక్షాంశం దాటి ఉంది. జూన్ నడిమధ్యాహ్నం కూడా సూర్యుడు 61 డిగ్రీల ఎత్తు దాటడు, సాయంత్రం ఏటవాలుగా జారుతూ పోతాడు. రాత్రి తొమ్మిదీ ఇరవైకి అస్తమయం అంటే, ఏడున్నర నుంచే మెత్తటి పక్కవెలుతురు మొదలై రెండు గంటలు ఉంటుంది. ఇంటివాళ్ళతో వెళ్ళేటప్పుడు ఇది పెద్ద వరం. పగలు చర్చి, టీ, పడవ షికారు, కునుకు. అసలు ఫొటోలు భోజనం చేశాక. పులిహోర పొట్లాలు కారులో ఉంటే ఆ రెండు గంటలు ఎవరూ తొందరపెట్టరు. స్వెట్టర్లు మాత్రం మరవకండి, జులైలో కూడా ఎనిమిది దాటితే నీటి ఒడ్డున చలేస్తుంది.

గుడ్లగూబకు ఆ సమయమే. జూన్, జులైల్లో గూట్లో పిల్లలుంటాయి కాబట్టి చీకటి పడకముందే వేటకొస్తుంది. థర్న్ దగ్గర కానీ, హాల్వర్‌గేట్ బీళ్ళ అంచున కానీ ఒకచోట కూర్చోండి. అది గట్ల వెంబడి ఒకే దారిలో మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. మొదటిసారి వచ్చినప్పుడు కెమెరా ఎత్తకుండా దారి గమనించండి. రెండోసారికి ఆ దారిలో వెనకాల గాలిమర పడేలా మీ కూర్చునే చోటు మార్చుకోండి. 300 లెన్సు చాలదేమో అన్నారు. నేనైతే 200 దగ్గరే తీస్తాను. 600 లెన్సుతో గుడ్లగూబ మొహం నిండుగా వస్తుంది, అలాంటిది ఏ దేశంలో అయినా తియ్యొచ్చు. తెల్లటి పిట్ట నల్లటి రెల్లు ముందు ఎగురుతుంటే కెమెరా మోసపోయి రెక్కలు తెల్లగా కాలిపోతాయి, ఎక్స్‌పోజర్ ముప్పావు స్టాప్ తగ్గించండి. షట్టర్ 1/1000, ఐఎస్ఓ, అంటే వెలుతురును పట్టే సున్నితత్వం, ఎంతవరకు పోతే అంతవరకు పోనివ్వండి. ఎలకలా కీచుమని శబ్దం చేసి దగ్గరికి రప్పించేవాళ్ళని చూశాను. ఆ పని చెయ్యొద్దు. పిల్లలకు తిండి మోసే తల్లి మీ ఫొటో కోసం వేట వదిలి రావడం న్యాయం కాదు.

ఈ సందర్భంలోనే చట్టం గురించి చెప్పాలి. 1981 నాటి వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు అని ఒకటుంది. బార్న్ అవుల్, రెల్లులో దాక్కునే కొంగ జాతి బిటర్న్, మార్ష్ హారియర్ అనే గద్ద, కింగ్‌ఫిషర్ అంటే మన లకుముకి లాంటివి అందులో ఉన్నాయి. ఇవి గూడు కట్టేటప్పుడు, పిల్లలతో ఉన్నప్పుడు గూటి దగ్గరకు పోయి, కావాలనే కాదు, నిర్లక్ష్యంగా బెదరగొట్టినా నేరమే. గూటి దగ్గర ఫొటోకు ముందే లైసెన్సు ఉండాలి. పక్షి మిమ్మల్ని చూసి అరుస్తోందన్నా, నోట్లో తిండితో అటూ ఇటూ తచ్చాడుతోందన్నా మీరు దాని గూటికీ దానికీ మధ్య నిలబడ్డారని అర్థం. వెంటనే వెనక్కి రండి. గూడు కనిపిస్తే ఆ చోటు పేరు పెట్టి ఫొటో ఎక్కడా పంచుకోవద్దు. డ్రోన్ ఇంట్లోనే వదిలెయ్యండి, పాత కట్టడాలనూ ప్రకృతినీ కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థ స్థలాల్లోనూ పక్షుల రిజర్వుల్లోనూ ఎగరనివ్వరు.

పైన చెప్పిన మార్ష్ హారియర్ శీతాకాలంలో మన కొల్లేరు వైపు చిత్తడుల మీద తిరిగే గద్ద జాతే. 1971లో బ్రిటన్ అంతటా గూడు కట్టింది ఒక్క జంట. ఇప్పుడు బ్రాడ్స్‌లో ఏ రెల్లుదిబ్బ మీద చూసినా రెక్కలు వి ఆకారంలో ఎత్తిపట్టి తేలుతూ కనిపిస్తుంది. బెగ్గురు జాతి క్రేన్ పక్షి ఇక్కడ సుమారు నాలుగు వందల ఏళ్ళు కనుమరుగై, 1979లో హోర్సీ ఊరి దగ్గర తనంతట తనే తిరిగొచ్చింది. ఆ కుటుంబాల వారసులే ఇవాళ హిక్లింగ్, హోర్సీ మధ్య ఎగురుతున్నాయి. బిటర్న్‌ను చూడటం అదృష్టం, వినడం మాత్రం తేలిక. ఖాళీ సీసా మూతి మీద ఊదినట్టు రెల్లులోంచి గుమ్మని వస్తుంది. అయితే జూన్ దాటితే గొంతు తగ్గిపోతుంది.

ఇక చర్చిలు. నార్ఫోక్‌లో మధ్యయుగపు చర్చిలు ఆరువందలకు పైగా ఉన్నాయి. అన్నీ చూడాలనుకోకుండా రాన్‌వర్త్ ఊళ్ళోని సెయింట్ హెలెన్స్ చర్చిని ఎంచుకోండి. లోపల 15వ శతాబ్దపు చెక్క తెర ఒకటుంది, దానిమీద సాధువుల బొమ్మలు రంగులతో సహా నిలిచాయి. మత సంస్కరణల కాలంలో ఇలాంటివి ఎన్నో పగలగొట్టారు, ఇది బతికింది. ఆ తెర ముందు ఫ్లాష్ వాడకండి. ట్రైపాడ్ కావాలంటే అక్కడున్నవాళ్ళని అడగండి, వద్దంటే బెంచీ వీపు మీద మోచేతులు ఆనించి 1/30 దగ్గర తియ్యొచ్చు. కిటికీ ఫ్రేములో పడకుండా చూసుకుంటే రంగులు సరిగ్గా వస్తాయి. ప్రార్థనో పెళ్ళో జరుగుతుంటే బయట కూర్చోండి. వెళ్ళేటప్పుడు హుండీలో రెండు పౌండ్లు వెయ్యండి, ఆ కప్పు నిలబడేది చాలావరకు అలాంటి డబ్బుతోనే.

టవర్ ఎక్కడానికి ఇరుకు మెట్లు, చివర నిచ్చెనలు ఉన్నాయి. పెద్దవాళ్ళని ఎక్కించొద్దు. మీరు ఎక్కండి. పైనుంచి చూస్తే తవ్విన గోతుల చెరువులూ, వాటి మధ్య తెల్ల తెరచాపలూ, దూరంగా గాలిమరలూ ఒకే చూపులో పడతాయి. నేను ఇంతసేపు చెప్పిందంతా ఆ ఒక్క 18 ఎంఎం ఫొటోలో ఉంటుంది. ఇక్కడి చర్చిల గోడలు ముట్టుకుని చూడండి, అవి చెకుముకి రాళ్ళు. ఈ ప్రాంతంలో మంచి కట్టుబడి రాయి దొరకదు, నేలలో దొరికే చెకుముకి గడ్డలనే సున్నంలో పేర్చి కట్టారు. సాయంత్రపు పక్కవెలుతురులో పగిలిన చెకుముకి గాజులా మెరుస్తుంది, నడిమధ్యాహ్నం తీస్తే ఆ మెరుపు రాదు.

చర్చి వసారా దూలాల మీద స్వాలో పిట్టల గూళ్ళుంటాయి. మనం వానకోయిల అనే పిట్ట చుట్టమే. దక్షిణాఫ్రికాలో చలికాలం గడిపి ఇక్కడికొచ్చి పిల్లల్ని పెడుతుంది. వసారాలో నిలబడితే అది లోపలికి రాలేదు, కాబట్టి బయట సమాధుల మధ్యనుంచి తియ్యండి. 1/3200 షట్టర్, గుమ్మం మీద ముందే ఫోకస్ పెట్టి ఉంచడం, ఓపిక, అంతే. రాతి గుమ్మం కమానులోంచి దూసుకొచ్చే పిట్ట ఒక్కటి దొరికితే ఆ రోజుకి చాలు. టవర్ చుట్టూ కీచుమంటూ తిరిగే స్విఫ్ట్‌లు ఆగస్టు మొదట్లోనే వెళ్ళిపోతాయి, కనుక రాన్‌వర్త్‌ను జులై దాటనివ్వకండి.

దారులకు ఆర్డ్‌నెన్స్ సర్వే మ్యాపు ఓఎల్40 కొనండి. అందులో ఆకుపచ్చ చుక్కల గీతలన్నీ ఎవరి పొలంలోంచి పోయినా మనం నడవడానికి హక్కున్న దారులు. ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. గేటు ఎలా ఉందో అలాగే వదిలి రండి, దూడలున్న ఆవుల మందకు దూరంగా నడవండి. గడ్డిలో తిరిగాక ఇంటికి రాగానే మోకాళ్ళ వెనకా మెడ దగ్గరా పిడుదులు పట్టాయేమో చూసుకోండి, వాటివల్ల లైమ్ అనే జబ్బు రావచ్చు. ప్యాంటు మేజోళ్ళలోకి దోపుకోవడం అలవాటు చెయ్యండి, మీ నాన్నగారితో కూడా చేయించండి.

ఆగస్టుకి ఒక రోజు దాచుకోండి. ఆ నెల మొదటి ఆదివారం బ్యూర్ నది ఒడ్డున సెయింట్ బెనెట్స్ మఠం శిథిలాల్లో ప్రార్థన జరుగుతుంది. ఎనిమిదో హెన్రీ రాజు దేశంలో మఠాలన్నీ మూసేయించినప్పుడు ఇదొక్కటే లాంఛనంగా రద్దు కాలేదు, నార్విచ్ బిషప్పే ఇప్పటికీ దీనికి మఠాధిపతి. ఆయన వెర్రీ అనే పాత సరుకుల పడవలో నది మీద వస్తారు. శిథిలమైన మఠద్వారం కడుపులోనే 18వ శతాబ్దంలో ఎవరో ఇటుక గాలిమర కట్టారు. మఠం, మర, పడవ, వెనక రెల్లు, అదృష్టముంటే పైన ఒక హారియర్. అందరికంటే ఒక గంట ముందు వెళ్ళి, నది వంపు కనిపించే చోట మీ నాన్నగారికి మడతకుర్చీ వెయ్యండి. పడవ ఎటునుంచి వస్తుందో అక్కడున్నవాళ్ళని అడిగితే సంతోషంగా చెబుతారు. వెలుతురు వీపు వెనక ఉండేలా కూర్చోండి, 70-300 మీద చెయ్యి ఉంచండి. పడవ దగ్గరికొచ్చాక లెన్సు మార్చే వ్యవధి ఉండదు, 18-55తో తీసే వెడల్పు ఫొటోలను అమ్మగారి ఫోన్‌కే వదిలెయ్యండి.